మోయగలిగినంత దూరమే వేట

సంపాదకులకు నమస్కారం.

అలాస్కా పర్వతాల్లో డాల్ కొండగొర్రెల వేట గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. చిన్న విమానం నదిలోని గులకరాళ్ల మేట మీద దిగడం, చెట్టు మొలవని ఎత్తుల్లో గుడారం వేసుకోవడం, రోజుల తరబడి దుర్భిణీ పట్టుకుని ఎదురుచూడడం, ఇవన్నీ చక్కగా రాశారు. కానీ వ్యాసం తుపాకీ పేలడంతో ఆగిపోయింది. ఎంత లోపలికి వెళితే అంత పెద్ద పొట్టేలు దొరుకుతుందన్న సలహా ఒక్కటే చదివినవారి మనసులో మిగులుతుంది. సగం చెప్పి వదిలేసిన ఆ సలహా ప్రమాదకరం. దాన్ని నమ్మి బయల్దేరినవారు మోకాళ్లు పాడు చేసుకుంటారు, మాంసం కుళ్లబెట్టుకుంటారు. ఒక్కోసారి వాగు దాటలేక ప్రాణం మీదికి తెచ్చుకుంటారు.

ఎంత దూరం వెళ్లాలన్నది పోయేటప్పటి ఓపికను బట్టి నిర్ణయించుకునేది కాదు. తిరుగు దారిలో వీపు మీద ఉండబోయే బరువును బట్టి ఇంట్లో ఉండగానే, కాగితం మీద లెక్క వేసి తేల్చుకోవాలి.

ఆ లెక్క చూడండి. పది రోజుల ప్రయాణానికి ఒక మనిషి మోసే సామాను ఇలా ఉంటుంది. ఫ్రేముతో కలిపి వీపుసంచి సుమారు 3 కిలోలు. గుడారంలో తన వాటా, పడక సంచి, కింద పరుచుకునే మ్యాట్ కలిపి మరో 3. బట్టలు, వాన దుస్తులు 4. స్టవ్, గ్యాసు, గిన్నె, నీటి ఫిల్టర్ కిలో పైచిలుకు. బైనాక్యులర్, స్పాటింగ్ స్కోప్ (దూరపు జంతువును పెద్దగా చూపే ఒంటికంటి దుర్భిణీ), దాన్ని నిలబెట్టే ట్రైపాడ్ 3. రైఫిల్, తూటాలు దాదాపు 4. కత్తులు, మాంసం సంచులు, మందులు, శాటిలైట్ మెసెంజర్ ఒకటిన్నర. అంటే తిండీ నీళ్లూ లేకుండానే 19, 20 కిలోలు. రోజుకు 900 గ్రాముల చొప్పున పది రోజుల తిండి 9 కిలోలు, రెండు లీటర్ల నీళ్లు. మొదటి రోజు వీపు మీద 30 కిలోలు పైనే ఉంటుంది. ఐదో రోజున వేట పడిందనుకుంటే అప్పటికి తిండి సగం అయిపోయి సామాను 25 కిలోలకు దిగుతుంది.

ఇక పొట్టేలు. ఎదిగిన డాల్ పొట్టేలు సాధారణంగా 75 నుంచి 95 కిలోలు తూగుతుంది. ఎముకలు తీసేశాక మాంసం 25 నుంచి 30 కిలోలు ఉంటుంది. కొమ్ములతో సహా తల, మెడా భుజాల మీది తోలు కలిస్తే ఇంకో 14, 15. మొత్తం 43 కిలోలు అనుకుందాం. సామానుతో కలిపితే 68 కిలోలు. ఒంటరిగా వెళ్లినవారు దీన్ని ఒకే మోతలో తేలేరు, తేవాలని ప్రయత్నించకూడదు కూడా. ఇద్దరు వెళ్లి ఒక్క పొట్టేలునే కొడితే తలా 47 కిలోలు వస్తుంది. బాగా తయారైన శరీరానికి అదే గరిష్ఠం అని నా అభిప్రాయం. ఇద్దరూ చెరో పొట్టేలు కొడితే ఇద్దరి వీపుల మీదా మళ్లీ 68 చొప్పునే పడుతుంది. జంటగా వెళ్లిన చాలామంది ఈ చివరి లెక్క వేయరు. మొదటిది పడిన మర్నాడే రెండోదాని కోసం ఇంకో కనుమ దాటేస్తారు.

ఒక్కరే రెండు మోతలుగా చేరవేస్తే దూరం రెట్టింపు అవుతుందని అనుకుంటారు. కాదు, మూడింతలవుతుంది. మొదటి మోతతో వెళ్లాలి, ఖాళీగా వెనక్కి రావాలి, రెండో మోతతో మళ్లీ వెళ్లాలి. విమానం దిగే చోటికి 12 కిలోమీటర్లుంటే నడక 36 కిలోమీటర్లు. మూడు మోతలైతే ఐదింతలు, 60 కిలోమీటర్లు. అక్కడి నేల మామూలు నేల కాదు. టండ్రాలో, అంటే చెట్లు మొలవని ఆ చలి నేలలో, అడుగడుగునా కదిలే గడ్డి బొడిపెలు ఉంటాయి. మీద అడుగు వేస్తే పక్కకు ఒరుగుతాయి, మధ్యలో వేస్తే చీలమండ దాకా నీళ్లు. ఆల్డర్ పొదల్లో సంచి చిక్కుకుంటే అడుగు పడదు. 35 కిలోల మోతతో గంటకు ఒకటిన్నర కిలోమీటరు నడిస్తే బాగా నడిచినట్టే. ఆ లెక్కన మోతతో నడిచే 24 కిలోమీటర్లకు 16 గంటలు, ఖాళీగా తిరిగొచ్చే 12 కిలోమీటర్లకు మరో 5 గంటలు పడతాయి. వానా మంచూ లేకపోతే మూడు రోజులు. పది రోజుల తిండితో వెళ్లి తొమ్మిదో రోజున పన్నెండు కిలోమీటర్ల అవతల పొట్టేలును కొట్టిన మనిషి పరిస్థితి ఏమిటో దీన్నిబట్టి ఎవరైనా చెప్పగలరు. రోజులు తగ్గేకొద్దీ వేటాడే పరిధి కూడా తగ్గించుకుంటూ రావాలి. చివరి మూడు రోజుల్లో విమానం దిగే చోటికి ఒక్క రోజు నడకలో ఉన్న కొండల్లోనే వెతకాలి.

ఈ మోతకు శరీరాన్ని ఆరు నెలల ముందు నుంచి సిద్ధం చేసుకోవాలి. పరుగు మంచిదే కానీ దానితో సరిపోదు. వారానికి రెండు మూడు సార్లు బరువు సంచితో మెట్లో గుట్టో ఎక్కాలి. పది కిలోలతో మొదలుపెట్టి రెండు వారాలకోసారి రెండు మూడు కిలోలు పెంచుతూ పోవాలి. మొదట్లో బరువు కోసం సంచిలో నీళ్ల డబ్బాలు పెట్టుకోవడం మంచి పద్ధతి. పైకెక్కాక నీళ్లు పారబోసి తేలిగ్గా దిగితే మోకాళ్లు అరగవు. చివరి రెండు నెలల్లో మాత్రం దిగడం కూడా బరువుతోనే సాధన చేయాలి. అసలు వేటలో గాయాలు ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే ఎక్కువ. తొడ కండరం సాగుతూ బరువును ఆపాల్సిన పని అది. ఎక్కడం ఎంత సాధన చేసినా ఆ బలం రాదు.

తిండిలో చూడాల్సింది గ్రాముకు ఎన్ని కేలరీలన్నది. నూనెలో గ్రాముకు సుమారు 9, గింజపప్పుల్లో 6, పిండిపదార్థాల్లో 4. అన్నీ కలిపి సగటున గ్రాముకు 4.4 వచ్చేలా చూసుకుంటే 900 గ్రాముల్లో దాదాపు 4,000 కేలరీలు వస్తాయి. మోత రోజున ఒళ్లు అంతకన్నా ఎక్కువే ఖర్చు చేస్తుంది. ఆ లోటు కొన్నాళ్లు తట్టుకోవచ్చు. అసలు పొరపాటు మరొకటి: వేట పడ్డాక ఆకలి తెలియని ఉత్సాహంలో రోజంతా ఏమీ తినకుండా కోత పని చేయడం, ఆ నీరసంతోనే చీకట్లో కొండ దిగడం. మోత మొదలుపెట్టే ముందు కూర్చుని వేడిగా ఏదైనా తిని తీరాలి. అదనంగా మూడు రోజుల తిండిని ఎలుగుబంటి తెరవలేని డబ్బాలో పెట్టి విమానం దిగిన చోటే దాచిపోవాలి. పొగమంచు కనుమలు మూసేస్తే చెప్పిన రోజుకు విమానం రాదు. ఆ తిండి వీపు మీదకు ఎక్కదు కాబట్టి దాని బరువు లెక్కలోకి రాదు.

పాదాల సంగతి ఒక్క మాటలో చెప్పొచ్చు. బూటు అడుగు గట్టిగా, వంగకుండా ఉండాలి. బయల్దేరే ముందే నెలన్నర రెండు నెలలు బరువుతో తొడిగి అలవాటు చేసుకుని ఉండాలి. చర్మం వేడెక్కినట్టు అనిపించగానే ఆగి ల్యూకోటేప్ అనే గట్టిగా అంటుకునే పట్టీ అంటించాలి. తర్వాత చూద్దామనుకుంటే అది బొబ్బ అవుతుంది, బొబ్బతో 40 కిలోలు మోయడం కుదరదు.

చలి కన్నా తడి ఎక్కువ హాని చేస్తుంది. అక్కడ ఆగస్టులో కూడా ఏ రోజైనా మంచు పడవచ్చు. ఎక్కువమందికి ఒళ్లు చల్లబడేది మాత్రం సున్నాకూ పది డిగ్రీలకూ మధ్య, వానా గాలీ కలిసినప్పుడు. ఈకల జాకెట్ తడిస్తే ముద్దకట్టి వెచ్చదనం పోతుంది. కాబట్టి దాన్ని నీరు చొరని సంచిలో ఉంచి గుడారంలోనే వాడుకోవాలి. నడకలో ఉన్ని బట్ట, పైన సింథటిక్ పొర మేలు. ఎక్కేటప్పుడు చెమట పట్టకముందే ఒక పొర తీసేయాలి. మాట తడబడడం, చేతిలో వస్తువు జారడం, నడక తూలడం కనిపిస్తే మరో ఆలోచన లేకుండా ఆగి గుడారం వేయాలి. పొడి బట్టలు మార్చి, వేడి నీళ్లు కాచి తాగించాలి.

ఇప్పుడు పొట్టేలును ఎంచుకోవడం. మీ వ్యాసంలో ఇది రెండు వాక్యాల్లో తేలిపోయింది. అలాస్కాలో ఎక్కువ ప్రాంతాల్లో వేటకాలం ఆగస్టు 10 నుంచి సెప్టెంబరు 20 వరకు. సాధారణ నిబంధన ప్రకారం మూడింట్లో ఒక్కటైనా ఉండాలి. కనీసం ఒక కొమ్ము కొన పక్క నుంచి చూస్తే 360 డిగ్రీల పూర్తి చుట్టు తిరిగి ఉండాలి. లేదా రెండు కొమ్ముల కొనలూ విరిగి ఉండాలి. లేదా కొమ్ము మీది వలయాల లెక్క ప్రకారం వయసు ఎనిమిదేళ్లు నిండి ఉండాలి. చలికాలంలో కొమ్ము ఎదుగుదల ఆగిపోవడం వల్ల ఏటా ఒక వలయం ఏర్పడుతుంది. అసలు వలయం లోతుగా, నల్లగా, కొమ్ము చుట్టూ తెగకుండా తిరుగుతుంది. ఎండాకాలంలో ఏదో ఒడిదుడుకు వల్ల పడిన దొంగ వలయం పైపైన ఉండి ఒక పక్కకు వచ్చేసరికి చెరిగిపోతుంది. కొన నుంచి మొదలు వైపుకు లెక్కపెట్టాలి. తొలి ఏడాది గుర్తు చాలాసార్లు కొనతోపాటు అరిగిపోయి ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ ఏటా పెరిగే పొడవు తగ్గుతుంది కాబట్టి మొదలు దగ్గర వలయాలు ఇరుకుగా ఒకదాని మీద ఒకటి పడినట్టుంటాయి. తప్పులు ఎక్కువగా జరిగేది అక్కడే.

పూర్తి చుట్టు తేల్చడానికి తల సరిగ్గా పక్కకు తిరిగి ఉండాలి. పొట్టేలు మనకన్నా ఎత్తులో ఉండి తల కొంచెం వంచినా చుట్టు పూర్తయినట్టే కనిపిస్తుంది. ముందు అద్దం 60 మిల్లీమీటర్లకు తగ్గని స్కోప్, కదలని ట్రైపాడ్ ఉండాలి. ఎండ ఎక్కాక నేల మీది గాలి అలలుగా కదిలి అంచులు చెదిరిపోతాయి కాబట్టి పొద్దున్నే చూడాలి. ఇద్దరుంటే ఒకరి లెక్క ఇంకొకరికి చెప్పకుండా విడివిడిగా లెక్కపెట్టి ఆ తర్వాతే పోల్చుకోవాలి. లెక్కలు కలవకపోతే ఆ పొట్టేలును వదిలేయాలి. ఈ ఏళ్లలో అలాస్కాలో డాల్ గొర్రెల సంఖ్య బాగా తగ్గింది. ఆలస్యంగా వచ్చిన వసంతాలు, మంచు మీద వాన పడి గడ్డకట్టి మేత అందకుండా పోయిన చలికాలాలు వాటిని దెబ్బతీశాయి. ఇలాంటి కాలంలో అనుమానంతో కాల్చిన ఒక్క తూటా కూడా తప్పే.

దగ్గరకు చేరడంలో గాలి చూసుకోవాలి. ఎండ రాకముందు గాలి లోయ వైపుకు దిగుతుంది, ఎండ ఎక్కాక పైకి లేస్తుంది. గొర్రెలు ప్రమాదం కింది నుంచి వస్తుందని చూస్తుంటాయి కాబట్టి వీలైతే శిఖరం వెనకగా చుట్టి పై నుంచి రావాలి. రైఫిల్ ఏది మంచిదన్న చర్చకు మీ వ్యాసం ఒక పేజీ ఇచ్చింది. అంత అవసరం లేదు. చిన్న విమానంలో, వీపు మీద దెబ్బలు తిన్నాక గురి కదిలిందేమో గుడారం వేసిన చోట ఒకసారి కాల్చి సరిచూసుకోవడం అంతకన్నా ముఖ్యం. ఏటవాలుగా పైకైనా కిందికైనా కాల్చేటప్పుడు తూటా అనుకున్నదానికంటే పైన తగులుతుంది. కారణం, భూమి ఆకర్షణ తూటాను దించేది అడ్డంగా కొలిచిన దూరం మేరకే. 30 డిగ్రీల వాలులో 400 మీటర్లంటే గురి పెట్టాల్సింది 346 మీటర్ల లెక్కకు. కోణం కూడా లెక్కగట్టే రేంజ్‌ఫైండర్ (దూరం కొలిచే పరికరం) ఉంటే అదే చెబుతుంది.

ట్రిగ్గర్ మీద వేలు పెట్టే ముందు చూడాల్సింది ఇంకొకటుంది. ఈ జంతువు నిలబడిన చోటే పడదు, పడ్డాక దొర్లుతుంది. కింద పెద్ద కొండచరియ ఉంటే కొమ్ములు విరుగుతాయి, ఎముకలు నుగ్గయి మాంసంలోకి దిగుతాయి. మనిషి చేరలేని గోడ మీద ఆగిపోతే మాంసం అంతా అక్కడే పోతుంది. అలాంటి చోట నిలబడిన పొట్టేలు ఎంత పెద్దదైనా కదిలేదాకా కూర్చోవాలి. ఒక పూట పట్టినా సరే.

ఇక కోత. మంచి వేటగాడు ఎవరో తెలిసేది ఇక్కడ. ముందుగా ఆరు మిల్లీమీటర్ల తాడుతో కళేబరాన్ని పైనున్న రాయికి కట్టాలి. సగం ఒలిచాక అది జారిపోతే చేతిలోని కత్తి ఎటు పోతుందో చెప్పలేం. పొట్ట చీల్చకుండా కోసే పద్ధతి వాలు మీద మేలు. వెన్ను మీదుగా తోలు చీల్చి పైనున్న పక్క అంతా ఒలవాలి. ముందు కాలి జబ్బకు ఒంటితో ఎముక కీలు లేదు కాబట్టి కండ కోసి దాన్ని సులువుగా తీయొచ్చు. తర్వాత తొడను తుంటి కీలు దగ్గర విడదీయాలి. వెన్ను వెంట పొడవుగా ఉండే కండ, మెడ, రొమ్ము, పక్కటెముకల మీది మాంసం తీయాలి. తర్వాత కళేబరాన్ని తిప్పి రెండో పక్క అలాగే చేయాలి. చివరిగా ఆఖరి పక్కటెముక వెనక చిన్న గాటు పెట్టి చెయ్యి లోపలికి పోనిచ్చి వెన్నుకు లోపలి వైపున్న మెత్తని కండను తీయాలి. పేగు, మూత్రాశయం చిట్లకూడదు. పని మొత్తంలో మనిషికి ప్రమాదం ఈ దశలోనే. చేతులు చలికి మొద్దుబారి ఉంటాయి, పదునైన బ్లేడు చూపు అందని చోట కదులుతుంది. కోత తట్టుకునే ఒక చేతి తొడుగు, రక్తం ఆపే టూర్నికే సంచి అడుగున కాక జేబులో ఉండాలి. బ్లేడు విరిగితే ముక్క దొరికేదాకా వెతకాలి, అది మాంసంలో ఉండిపోవచ్చు.

మాంసాన్ని పాడుచేసేవి మూడు: వేడి, తడి, మురికి. మొదటిది అన్నింటికంటే ముందు వస్తుంది. బతికున్నప్పటి ఒంటి వేడి తొడ ఎముక చుట్టూ చాలాసేపు నిలిచిపోతుంది. చల్లని రోజైనా ఆ వేడి బయటికి పోకపోతే ఎముక దగ్గర మాంసం పులిసి వాసన వస్తుంది. అందుకే బరువు తగ్గించుకోవడానికే కాదు, చల్లార్చడానికి కూడా తొడ ఎముక తీసేయాలి. తీసిన ముక్కలను పెద్ద ముద్దగా ఒక సంచిలో కుక్కకూడదు. గాలి ఆడే గుడ్డ సంచుల్లో ఒక్కోదాంట్లో ఐదారు కిలోలు వేసి, నీడలో రాళ్ల మీద ఎడంగా పెట్టాలి. వాగు పక్కన గాలి తగిలే చోట రెండు ట్రెకింగ్ కర్రల మధ్య కట్టి వేలాడదీస్తే మరీ మంచిది. పైపొర ఎండి పెచ్చుకట్టిందంటే ఈగ గుడ్డు నిలవదు, లోపల చెడదు. ప్లాస్టిక్ సంచి ఒక్క రాత్రిలో మాంసాన్ని పాడు చేస్తుంది, వేడినీ తడినీ రెంటినీ లోపలే పట్టి ఉంచుతుంది. మోసేటప్పుడు వీపుసంచికి రక్తం అంటకుండా ప్లాస్టిక్ పొర వేస్తే, ఆగిన ప్రతిసారీ తెరిచి గాలి తగలనివ్వాలి. తల తోలు ఉంచుకోదలచినవారు చెవులు, పెదవుల దగ్గర మాంసం పూర్తిగా తీసేయాలి. వెంట్రుకలు ఊడడం అక్కడే మొదలవుతుంది.

కోత అయిన వెంటనే మాంసాన్ని పేగుల కుప్ప నుంచి కనీసం నూరు మీటర్లు జరిపి, దూరం నుంచి కనిపించే బయలు చోట పెట్టాలి. పొదల పక్కన పెడితే తిరిగొచ్చినప్పుడు ఎలుగుబంటి ఉన్నదీ లేనిదీ తెలియదు. గుడారం అక్కడికి దూరంగా, గాలి మాంసం నుంచి మన వైపు రాని చోట వేసుకోవాలి. రెండో మోతకు వచ్చేటప్పుడు ఎత్తు మీద ఆగి బైనాక్యులర్‌తో పది నిమిషాలు చూసి, చప్పుడు చేసుకుంటూ దగ్గరకు రావాలి. గ్రిజ్లీ ఎలుగుబంటి ఆ మాంసం మీద కూర్చుని ఉంటే దాన్ని తిరిగి దక్కించుకోవాలని చూడకూడదు.

బరువు సర్దడం కూడా ఒక విద్యే. 1991లో ఆల్ప్స్‌లో 3,210 మీటర్ల ఎత్తున మంచులో బయటపడిన, 5,300 ఏళ్ల నాటి ఏట్సీ అనే మనిషి దగ్గర వంచిన హేజెల్ కర్రా, లార్చ్ పలకలూ దొరికాయి. అవి వీపు మీద బరువు కట్టుకునే ఫ్రేమని పండితుల అభిప్రాయం. సూత్రం ఈనాటికీ అదే: మాంసం ఫ్రేముకు ఆనుకుని, నడుముకు పైన, రెండు భుజఫలకాల మధ్యకు రావాలి. గుడ్డ సంచికీ ఫ్రేముకూ మధ్య మాంసాన్ని బిగించే అర ఉన్న వీపుసంచులు అందుకే మేలు. పట్టీలు బిగించి కుదిపి చూస్తే కదలకూడదు. ఊగే బరువు జారుడు రాళ్ల మీద మనిషిని పడేస్తుంది. మోతలో అధిక భాగాన్ని తుంటి ఎముకల మీది పట్టీ మోయాలి, భుజాలు నిలదొక్కుకోవడానికే. ఇంత బరువును నేల మీద నుంచి ఎత్తి వీపున వేసుకోబోతే నడుం పట్టేస్తుంది. వాలు మీద సంచికి ఆనుకుని కూర్చుని పట్టీలు తగిలించుకోవాలి. తర్వాత మోకాళ్ల మీదకు ఒరిగి, రెండు కర్రల ఊతతో లేవాలి. పాతిక నిమిషాలు నడిచి ఐదు నిమిషాలు ఆగాలి. ఆగినప్పుడు సంచి దించకుండా ఎత్తయిన రాయికి ఆన్చాలి.

రెండు మోతలుంటే మొత్తం దూరం ఒకేసారి తీసుకెళ్లి వెనక్కి రావడం కన్నా కిలోమీటరు చొప్పున ముక్కలుగా జరపడం మంచిది. మొదటి మోత ఒక కిలోమీటరు తీసుకెళ్లి కనిపించే చోట దించి, జీపీఎస్‌లో గుర్తు పెట్టుకుని రెండోదాని కోసం రావాలి. మొత్తం నడక మారదు. కానీ రెండు మోతలూ ఎక్కువసేపు కంటికి ఆనుతుంటాయి, ఖాళీ నడకలో కాళ్లకు విశ్రాంతి దొరుకుతుంది, వాతావరణం చెడితే గుడారం దూరంగా ఉండిపోదు.

వాగులు వెళ్లేటప్పుడు సులువుగా దాటేస్తాం, వచ్చేటప్పుడు అవే అడ్డుపడతాయి. హిమానీనదాల నీటితో పారే వాగు మధ్యాహ్నం తర్వాత ఉబ్బుతుంది, తెల్లవారుజామున తగ్గుతుంది. బూడిదరంగు నీటిలో లోతు కనిపించదు. అడుగున బండరాళ్లు దొర్లుతున్న చప్పుడు వినిపిస్తే దాటకూడదు. ఒకే పాయగా ఇరుకుగా పారే చోట కాక, వెడల్పుగా పాయలుగా చీలిన చోట దాటాలి. నడుము, ఛాతీ పట్టీలు విప్పేయాలి. పడితే సంచిని వదిలించుకోలేకపోతే అదే ముంచేస్తుంది. ఎగువకు ముఖం పెట్టి, కర్ర ఆన్చి, ఒక్కో అడుగే పక్కకు జరగాలి. తొడ మధ్య దాటి నీరొస్తే వెనక్కి వచ్చేయాలి. సాయంత్రం వాగు గట్టుకు చేరితే అక్కడే గుడారం వేసి తెల్లవారాక దాటడమే సరైనది. వెళ్లే దారిలోనే ఈ విషయం ఆలోచించి, పాయలుగా చీలే చోటును మ్యాపులో గుర్తు పెట్టుకోవాలి.

చట్టం గురించి మీ వ్యాసంలో అసలు లేదు. విమానంలో ఎగిరిన రోజు వేటాడకూడదు, మర్నాడు తెల్లవారుజామున మూడు తర్వాతే. మెడ, రొమ్ము, పక్కటెముకలు, ముందు కాళ్లు మోకాలి దాకా, వెనక కాళ్లు మడమ కీలు దాకా, వెన్ను కండలు, అన్నింటి మాంసమూ తెచ్చి తీరాలి. కొమ్ములు మాంసం కన్నా ముందు బయటికి రాకూడదు, ఆఖరి మోతతోనే రావాలి. మాంసం వదిలేసి రావడం జైలుశిక్ష పడే నేరం. పొట్టేలు కొమ్ములను 30 రోజుల్లోగా వన్యప్రాణి శాఖ దగ్గర ముద్ర వేయించుకోవాలి. అలాస్కా స్థిరనివాసులు కాని అమెరికా పౌరులు డాల్ గొర్రెను వేటాడాలంటే లైసెన్సున్న గైడో, దగ్గరి బంధుత్వం ఉన్న అలాస్కా నివాసో వెంట ఉండాలి. పౌరసత్వమూ స్థిరనివాసమూ లేనివారికి బంధువు మినహాయింపు కూడా లేదు, గైడ్ తప్పనిసరి. వలసేతర వీసా మీద ఉన్నవారికి తుపాకీ దగ్గర ఉంచుకోవడమే సాధారణంగా నిషేధం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి మినహాయింపులున్నాయి. మీ పాఠకుల్లో చాలామందికి పిల్లలు అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్నారు కాబట్టి ఈ సంగతి ప్రత్యేకంగా రాస్తున్నాను. మాంసం ఎక్కువ పోగుపడినప్పుడు పైలట్‌కు శాటిలైట్ మెసేజ్‌లో బరువు ముందే చెప్పాలి. సూపర్ కబ్ అనే ఆ చిన్న విమానంలో పైలట్ కాక ఒక్క మనిషికీ అతని సామానుకూ మాత్రమే చోటు. రెండో దఫా రావాల్సి వస్తే ఆ రోజు వాతావరణంలో దానికి సమయం మిగిలి ఉండాలి.

ఆ వ్యాసం పక్కన ఇచ్చిన సామాన్ల పట్టికలో మూడు రకాల తూటాల పేర్లున్నాయి. గుడ్డతో చేసిన మాంసం సంచులు, పది మీటర్ల తాడు, టూర్నికే, కోత తొడుగు, బరువు మోసే ఫ్రేమున్న సంచి, విమానం దిగే చోట దాచే మూడు రోజుల తిండి మాత్రం లేవు. పట్టికను చించి దాచుకున్న పాఠకులు ఎందరో ఉండి ఉంటారు. దాన్ని సవరించి, వచ్చే ఆదివారమే, అదే చోట మళ్లీ వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు